ఇది మంచిగుందా, ఇది మంచిగుందా

పొద్దంతా నేనడిగే మాట ఇదొక్కటే.
చీకటి గదిలో మనిషి ముక్కు మీద ఇనుప చట్రం పెట్టి
ఒక అద్దం తీసి ఇంకో అద్దం వేసి
ఇది మంచిగుందా, ఇది మంచిగుందా.
పరకాల నుంచి వచ్చిన పత్తి రైతు అంటడు
"రెండూ ఒక్క తీరే ఉన్నయి బిడ్డా
నువ్వే ఏదో ఒకటి రాయి."

కూకట్‌పల్లి షాపువాళ్లు ఫోన్ చేసి వారమైంది.
జీతం ఇక్కడికి రెట్టింపు, పైన నాలుగు వేలు.
శనివారం లోపు చెప్పాలె.
చట్రం తీసి నా ముక్కుకే పెట్టుకున్న.

హన్మకొండ చౌరస్తాలో షాపు,
ఇంటికి స్కూటీ మీద పదకొండు నిమిషాలు.
పగటాల పోయి పప్పు వేడి చేసుకొని తిని
కాసేపు నడుం వాల్చి రావచ్చు.
మా చిన్నమ్మ బిడ్డ నవత
పట్నం మెట్రోలో నిలబడి నిద్రపోవుడు నేర్చుకుందట.
గుర్రానికే వచ్చు ఆ విద్య అనుకున్న ఇన్నాళ్లు.

అది తీసి, ఇది.

ఈ ఊళ్లె ఎవరికీ తెల్వకుండా ఏడ్వలేవు.
విడాకుల కాయితం కోర్టులో పడ్డ రోజు
సుబేదారిలో నేను ఆటో దిగకముందే
గుడ్ల కొట్టు సారయ్యకు తెలిసింది.
కోర్టు గుమాస్తా ఆయన తోడల్లుడు.
"ఏం రంది పెట్టుకోకు" అని
డజనుకు రెండు గుడ్లు ఎక్కువేసిండు.
అవి వండుకోవాల్నో గోడకు కొట్టాల్నో
ఇప్పటికీ తేల్చుకోలే.

నక్కలగుట్టలో కిరాయిల్లు అడిగితే
నా ఇంటిపేరు నేను చెప్పిన,
ఆయన ఇంటిపేరు ఆమే చెప్పింది.
"మీరు ఫలానా కదా" అంటే
ఇక్కడ పలకరింపూ అదే, పోలీసు స్టేషనూ అదే.

ఊరోళ్లకు మేం పట్నపోళ్లం
పట్నపోళ్లకు ఊరోళ్లం.
మూడు ఊళ్లు కలిపి కుట్టిన బొంత మాది,
వరంగల్లు, హన్మకొండ, కాజీపేట,
కుట్లు ఇంకా కనిపిస్తనే ఉంటయి.
కాజీపేటలో ఎక్కడెక్కడి పట్టాలో వచ్చి కలుస్తయి.
కలిసి, రెండు నిమిషాలు ఆగి, పోతయి.
రెటీనా ఊడిన కేసొస్తే నేనూ అంతే, పంపిస్త.
నా చీటీల మీద ఎక్కువసార్లు రాసిన మందు పేరు
పట్నం.

మిర్చి సీజన్ల ఎనుమాముల దిక్కు నుంచి గాలి తిరిగితే
ఊరంతా ఒక్కసారే తుమ్ముతది.
అక్కడ ఎవరి తుమ్ము వాళ్లదే.
ఇది లాభమా నష్టమా, ఏ గడిలో రాయాలె?

నయీంనగర్ నాలా పొంగిన రాత్రి
నా మంచం దాకా నీళ్లొచ్చినయి.
ఎవరినీ పిలువలే నేను, ఫోన్ తడిసింది.
సారయ్య కొడుకు లారీ ట్యూబేసుకొని వచ్చిండు,
నన్నూ, డిగ్రీ కాయితాల సంచినీ
మెయిన్ రోడ్డు మీద దించి పోయిండు.
మీరు ఫలానా కదా అని ఆ రోజు అడగలే.
అడగాల్సిన అవసరం లేకపోయె.

అయినా ఒక్కటి చెప్పాలె.
రాత్రి తొమ్మిదిన్నర దాటినంక
ఒంటరి ఆడమనిషి చాయ్ తాగాలంటే బస్టాండే గతి.
అక్కడ కూడా ముగ్గురు గుర్తుపడతరు,
ఒకరు పైసలు కట్టేస్తరు,
ఇంకొకరు తెల్లారి మా అన్నకు చెప్తరు.

నిజానికి ఆ పత్తి రైతు అద్దాలకు తేడా
పావు నంబరే.
పావు నంబరు తేడా
కన్ను వారం రోజులల్ల మర్చిపోతదని చదువుకున్న.
ఆ పుస్తకం రాసినాయన
ఎన్నడన్నా కిరాయిల్లు వెతికిండో లేదో.

శనివారం.
షట్టర్ లేపి, మెట్ల మీద నీళ్లు చల్లిన.
డ్రాయర్ల ఫోన్ మోగుతున్నది.
కుర్చీలో కూర్చున్న మొదటి పెద్దమనిషి
కండ్లు చిన్నగ చేసి నన్నే చూస్తున్నడు.
"నువ్వు దర్జీ మొగిలయ్య మనుమరాలివి కదా?"

లైటు ఆర్పిన.
చట్రం ఆయన ముక్కు మీద పెట్టి
మొదటి అద్దం వేసిన.